కోల్‌కతా స్టార్ థియేటర్‌కు వినోదిని పేరు ఎందుకు పెట్టారు? ఆమె అక్కడ నటించేదా?

అడిగిన ప్రశ్న ఇది: "కోల్‌కతాలో స్టార్ థియేటర్‌ని వినోదిని థియేటర్ అని మార్చారట. ఎవరీ వినోదిని? ఆ హాల్లో నటించేదా? బెంగాలీ నాటకాల సంగతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్తారా?"

చివరి ముక్కకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ విషయంలో నేనే పాతికేళ్లు తప్పులో కాలేశాను. లేదు, నటించలేదు. వినోదిని పందొమ్మిదో శతాబ్దపు బెంగాలీ నటి. ఇవాళ ఆమె పేరున్న ఆ హాల్లో ఒక్క రోజు కూడా వేషం కట్టలేదు. అయినా ఆ పేరు అక్కడ ఉండాల్సిందే అంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పని కావడంతో నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో, నింపురా క్వార్టర్స్‌లో. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ, బజార్లో హిందీ. అమ్మ సాయంత్రాలు దీపం పెట్టాక రామకృష్ణ కథామృతం తెలుగు అనువాదం పైకి చదివేది. స్టార్ థియేటర్ అన్న మాట నేను మొదట విన్నది అందులోనే. పరమహంస నాటకం చూడ్డానికి బండెక్కి వెళ్లాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. "స్వామి నాటకాలకి వెళ్తాడేంటమ్మా?" అంటే, "అది చైతన్యుడి నాటకంరా" అని పేజీ తిప్పేసింది. చైతన్యుడంటే బెంగాల్ కృష్ణభక్తుడు చైతన్య మహాప్రభు.

1986లో కలకత్తాలో ఉద్యోగం వచ్చింది. శ్యామ్‌బజార్ దగ్గర ఒక పాత ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్నాను. మొదటి నెల జీతం చేతిలో పడగానే ఆఫీసు నుంచి నేరుగా ట్రామెక్కి హాతీబాగాన్‌లో దిగాను, స్టార్‌లో నాటకం చూద్దామని. గేటు మూసి ఉంది. కాపలా మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఇవాళ మంగళవారం కదా బాబూ" అన్నాడు. ఆ మాత్రం తెలియకపోవడం ఆ పేటలో సిగ్గుపడాల్సిన విషయమట. ఉత్తర కలకత్తా థియేటర్లలో అప్పట్లో నాటకాలు గురు, శని, ఆదివారాలే. తిరిగొచ్చి మా ఇంటావిడతో చెబితే, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిణ్ణి మాశీమా అని పిలిచేవాణ్ణి, అంటే మన పిన్నిగారు లాంటిది. "గురువారం వెళ్లు బాబా, అంతదాకా నేను చెప్తా విను" అని మొదలుపెట్టింది. 1953లో స్టార్‌లో వేసిన 'శ్యామలి' నాటకం తను రెండుసార్లు చూసిందట. ఉత్తమ్‌కుమార్ హీరో, సావిత్రీ చటర్జీ మూగపిల్ల. అది 484 ప్రదర్శనలు ఆడింది. సినిమా తార రోజూ మన కళ్ల ముందు నిలబడి మాట్లాడుతుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించుకో అనేది.

ఆ గురువారం వెళ్లాను. నాటకం పెద్దగా గుర్తు లేదు, నిజం చెప్పాలంటే కొంచెం ఏడుపుగొట్టుది. గుర్తున్నది జనం. ఆఫీసుల నుంచి అటునుంచటే వచ్చిన గుమాస్తాలు, తాంబూలం నములుతున్న ముసలమ్మలు, ఇంటర్వెల్‌లో చాప్, కట్లెట్ వాసన. మన వైపు ఊరి నాటకాలకి చాప చంకన పెట్టుకుని వెళ్లే సంబరానికి ఇది టికెట్ కొనుక్కున్న రూపం. అప్పటి నుంచి ఆ వీధిలో ఎవరు నాతో వచ్చినా ఆ హాలు చూపించి, "పరమహంస వినోదినిని ఆశీర్వదించింది ఇక్కడే" అని గొప్పగా చెప్పేవాణ్ణి. 2011లో మా అమ్మాయిని తీసుకెళ్లినప్పుడూ అదే పాట పాడాను. తిరుగు ప్రయాణంలో రైల్లో అది ఫోన్ చూస్తూ, "నాన్నా, ఆవిడ 1887కే మానేసిందట. నువ్వు చూపించిన హాలు 1888లో కట్టారట" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాతే సిగ్గొచ్చి వినోదిని బెంగాలీలో రాసుకున్న ఆత్మకథ తెప్పించుకుని చదివాను.

ఇక అసలు కథ. కలకత్తాలో ధనవంతుల ఇళ్లలో, తోటల్లో నాటకాలు అంతకు ముందు నుంచీ ఉన్నాయి. కానీ వాటికి పిలుపు వచ్చినవాళ్లే వెళ్లాలి. డబ్బిచ్చి టికెట్ కొన్న ఎవరైనా లోపలికి వెళ్లగలిగింది 1872 డిసెంబరు 7న. బాగ్‌బజార్ కుర్రాళ్లు నేషనల్ థియేటర్ అని పేరు పెట్టుకుని, చిత్‌పూర్‌లో మధుసూదన్ సన్యాల్ ఇంటి ఆవరణలో దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' వేశారు. నీలిమందు తోటల దొరల దౌర్జన్యం దాని వస్తువు. బెంగాలీ పబ్లిక్ థియేటర్ పుట్టుక అక్కణ్ణుంచే లెక్కిస్తారు.

అప్పటికి ఆడవేషాలు మగవాళ్లవే, మన దగ్గర లాగే. మన స్థానం నరసింహారావు గారు సత్యభామ కడితే జనం మురిసిపోయిన కాలం ఇంకా చాలా ముందుంది. బెంగాల్‌లో మాత్రం 1873లోనే మలుపు వచ్చింది. బెంగాల్ థియేటర్ పెట్టినవాళ్లు కవి మైకేల్ మధుసూదన దత్తు సలహా మీద ఆడవేషాలకు ఆడవాళ్లనే తీసుకున్నారు. కానీ కుటుంబ స్త్రీలు ఎవరూ రారు కదా. వచ్చింది వేశ్యావాటికల నుంచి. విద్యాసాగరుడంతటి మనిషి, వితంతువుల కోసం అంత పోరాడినవాడు, ఈ పని నచ్చక ఆ థియేటర్ నుంచి తప్పుకున్నాడు. 1885లో మొదలైన మన సురభి వాళ్లలో సొంత కుటుంబాల ఆడవాళ్లే వేషాలు కట్టారు కాబట్టి ఈ ముడి వాళ్లకి వేరే రకంగా విడిపోయింది. కలకత్తాలో విడిపోలేదు. రంగస్థలం మీద సీతగా, సావిత్రిగా దండం పెట్టించుకున్న మనిషికి మర్నాడు వీధిలో ముఖం చూపించే హక్కు లేదు. వినోదిని కథంతా ఈ ముడి చుట్టూ తిరుగుతుంది.

బెంగాలీలు ఆమెను బినోదిని అంటారు, వాళ్లకి 'వ' పలకదు గనుక. మనం వినోదిని అనే అనుకుందాం. కార్న్‌వాలిస్ వీధిలో ఒక పేద ఇల్లు, అమ్మ, అమ్మమ్మ, మధ్యలో ఈ పిల్ల. ఇంట్లో అద్దెకు దిగిన గంగాబాయి అనే గాయని దగ్గర పాట నేర్చుకుంది. 1874లో, పన్నెండేళ్ల ప్రాయంలో, గ్రేట్ నేషనల్ థియేటర్‌లో నెలకు 10 రూపాయల జీతానికి చేరింది. మొదటి వేషం ద్రౌపది చెలికత్తె. పదేళ్లు తిరిగేసరికి కలకత్తాలో ఆమెకు సాటి నటి లేదు. తర్ఫీదు ఇచ్చింది గిరీశ్‌చంద్ర ఘోష్. ఆయన గురించి ఒక్క మాట: 150 రూపాయల ఆఫీసు ఉద్యోగం వదిలేసి 100 రూపాయల జీతానికి థియేటర్ మేనేజర్‌గా చేరిన మనిషి. నాటకం రాయడం, వేషం కట్టడం, పిల్లలకి నేర్పడం, అన్నీ ఆయనే.

1883 నాటికి వీళ్లంతా పని చేస్తున్న నేషనల్ థియేటర్ యజమానితో గొడవైంది. వినోదిని కొన్నాళ్లు సెలవు పెడితే జీతం కోసేశాడు. సరే, మన సొంత థియేటర్ కట్టుకుందాం అనుకున్నారు. డబ్బెక్కడిది? గుర్ముఖ్ రాయ్ అనే మార్వాడీ యువకుడు ఇస్తానన్నాడు, కానీ అతనికి కావలసింది థియేటర్ కాదు, వినోదిని. నాటకాలు మానేసి తనతో ఉంటే 50 వేలు ఇస్తానన్నాడట. 1883లో 50 వేలు! ఆమె వద్దంది. థియేటర్ కట్టిస్తే వస్తానంది. అప్పటికే ఆమెను చూసుకుంటున్న ఇంకో సంపన్నుడు ఉన్నాడు. అతనికి ద్రోహం చేస్తున్నానన్న బాధ తనకుందని ఆత్మకథలో దాచుకోకుండా రాసింది. తోటి నటులంతా ఆమెను బతిమాలారు, నువ్వు ఒప్పుకుంటేనే మనకి థియేటర్ అన్నారు. ఒప్పుకుంది.

బీడన్ వీధిలో స్థలం దొరికింది. పని రాత్రీ పగలూ సాగింది. ఆ పుస్తకంలో నన్ను కదిలించిన చోటు ఇక్కడ ఉంది. సీట్లుండే చోట నేల నింపడానికి తనూ తట్టల్లో మట్టి మోశానని రాసింది. కూలీలు త్వరగా చేస్తారని తట్టకి నాలుగు గవ్వల చొప్పున ఎక్కువ ఇచ్చేదట. ఊరంతా పేరు చెప్పుకునే నటి, తట్ట మోసింది. ఎందుకంటే ఆ థియేటర్‌కి తన పేరే పెడతామని మాట ఇచ్చారు. 'బి' థియేటర్ అని.

పేరు రిజిస్టరు చేయించడానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. ఏం పేరు పెట్టారని ఆత్రంగా అడిగింది. "స్టార్" అన్నారు. రెండు నిమిషాలు నోట మాట రాలేదని రాసింది. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి బయటికి వెళ్లి వచ్చాను. ఆమె మాత్రం ఎవర్నీ తిట్టదు. వాళ్లు నన్ను వాడుకుని చివరికి ఇట్లా చేస్తారా అని తనలో తనే అడుగుతుంది, అంతే. ఒక వేశ్య పేరు బోర్డు మీద ఉంటే పెద్దమనుషులు టికెట్ కొనరని వాళ్ల లెక్క కావచ్చు. నాకు మాత్రం ఆ లెక్క అబద్ధంగానే కనబడుతుంది. ఎందుకంటే ఆ పెద్దమనుషులు టికెట్ కొన్నదే ఆమెను చూడ్డానికి.

1883 జులై 21న గిరీశ్ రాసిన 'దక్షయజ్ఞం'తో స్టార్ తెరుచుకుంది. సతి వేషం వినోదినిదే. మరుసటి ఏడు 'చైతన్యలీల'. చైతన్యుడి వేషం కట్టింది కూడా ఆమెనే. 1884 సెప్టెంబరు 21న పరమహంస ఆ నాటకం చూడ్డానికి వచ్చాడు. మా అమ్మ చదివిన పేజీ అదే. ఎలా ఉందని ఎవరో అడిగితే, అసలూ నకలూ ఒకటే అయినట్టు కనబడిందన్నాడు. వినోదినిని తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాడు. తర్వాత ఆయన జబ్బుపడి శ్యామ్‌పుకూర్‌లో ఉన్నప్పుడు బయటివాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. అప్పుడు ఈవిడ దొర వేషం వేసుకుని, కోటూ టోపీతో వెళ్లి ఆయన్ని చూసి వచ్చింది. సంగతి తెలిసి ఆయన నవ్వాడట. నాటకాల మనిషి కదా మరి.

గుర్ముఖ్ రాయ్ ఎక్కువ కాలం నిలవలేదు. ఆరోగ్యం బాగాలేదు, ఇంట్లో ఒత్తిడి. వెళ్లిపోయే ముందు థియేటర్‌లో వినోదినికి వాటా ఇస్తానన్నాడు. ఇక్కడ ఇంకో దెబ్బ. గిరీశ్ ఆమె తల్లికి నచ్చజెప్పి ఆ వాటా వద్దనిపించాడు. ఈ వ్యాపారపు గొడవలు మనకెందుకు అన్నది ఆయన వాదన. చివరికి అమృతలాల్ బోసు, అమృతలాల్ మిత్ర, ఇంకో ఇద్దరు కలిసి 11 వేలకు కొనుక్కున్నారు. పేరూ దక్కలేదు, వాటా కూడా దక్కలేదు. గిరీశ్ మీద నాకు గౌరవం ఉంది, బెంగాలీ నాటకానికి ఆయన చేసింది తక్కువ కాదు. కానీ ఈ రెండు చోట్లా ఆయన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. 1887 మొదట్లో వినోదిని రంగస్థలం వదిలేసింది. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. పన్నెండేళ్లలో దాదాపు 80 నాటకాలు. తర్వాత ఒక కూతురు పుట్టింది, తల్లి వృత్తి కారణంగా ఆ పిల్లని బళ్లో చేర్చుకోలేదు. ఆ పిల్ల చిన్నతనంలోనే పోయింది. ఆత్మకథ 1912లో వచ్చింది. ఆమె 1941 దాకా బతికింది.

ఇప్పుడు మీరు అడిగిన హాలు దగ్గరికి వద్దాం. 1887లోనే గోపాల్‌లాల్ శీల్ అనే కోటీశ్వరుడికి థియేటర్ పెట్టాలని బుద్ధి పుట్టి, స్టార్ ఉన్న స్థలం కొనేశాడు. స్టార్ వాళ్లు భవనాన్ని 30 వేలకు ఇచ్చేశారు, పేరు మాత్రం ఇచ్చేది లేదన్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. శీల్ ఆ భవనానికి ఎమరాల్డ్ అని పేరు పెట్టుకున్నాడు. గిరీశ్ లేకపోతే థియేటర్ నడవదని తెలిసి ఆయనకి 20 వేలు బోనస్ ఇచ్చి లాక్కున్నాడు. గిరీశ్ అందులో 16 వేలు తీసుకెళ్లి పాత శిష్యుల చేతిలో పెట్టాడు, హాతీబాగాన్‌లో కొత్త స్టార్ కట్టుకోమని. అంతటితో ఆగకుండా, తన పేరు బయటికి రాకుండా వాళ్లకో నాటకం కూడా రాసిచ్చాడు. 1888 మే 25న కొత్త స్టార్ 'నసీరామ్' అనే ఆ నాటకంతోనే మొదలైంది. కంపెనీ ఒకరిది, కలం ఇంకొకరికి! (ఇవాళ ఐటీ కంపెనీల్లో ఇట్లా చేస్తే లీగల్ నోటీసు వస్తుంది.)

అంటే వినోదిని మట్టి మోసిన భవనం వేరు, హాతీబాగాన్‌లో ఉన్నది వేరు. బీడన్ వీధి భవనం చేతులు మారి, పేర్లు మారి, చివరికి చిత్తరంజన్ అవెన్యూ రోడ్డు వేసేటప్పుడు పోయింది. ఇప్పుడు దాని మీదుగా బస్సులు తిరుగుతున్నాయి. రెండు చోట్లనీ కలిపేది ఒక్కటే, స్టార్ అన్న పేరు. భవనం అమ్ముకుని కూడా వాళ్లు వదులుకోని ఆ పేరు, ఏ పేరుకి బదులుగా వచ్చిందో మీకిప్పుడు తెలుసు. అందుకే, ఆమె అక్కడ నటించలేదు కాబట్టి పేరు మార్చడం తప్పు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బాకీ పడింది గోడలు కాదు, పేరు.

హాతీబాగాన్ స్టార్ తర్వాత కథ చాలా పొడుగు, రెండు మూడు చెప్పి వదిలేస్తాను. అది సభలకి కూడా పనికొచ్చేది. 1898 మార్చిలో సోదరి నివేదిత కలకత్తాలో ప్రసంగించింది అక్కడే, అధ్యక్షత వివేకానందుడు. 1923లో ఆర్ట్ థియేటర్ అనే కంపెనీ తీసుకుని 'కర్ణార్జున్' వేసి మళ్లీ హాలు నింపింది. చుట్టుపక్కల పోటీ తక్కువ కాదు. రంగ్‌మహల్‌లో 1933లోనే తిరిగే స్టేజీ వచ్చింది. బీడన్ వీధి మినర్వాలో 1959 నుంచి ఉత్పల్ దత్ తన గ్రూపుతో బొగ్గు గనుల మీద, నావికుల తిరుగుబాటు మీద నాటకాలు వేశాడు. ఇవన్నీ నడక దూరంలో. ఒకే పేటలో అన్ని థియేటర్లు, వారానికి మూడు రోజులు, అన్నీ జీతాల మీద నడిచే కంపెనీలు. మన వైపు అలాంటి వీధి లేదు.

1991 అక్టోబరులో, పూజల హడావుడి మొదలైన రోజుల్లో, స్టార్ కాలిపోయింది. తర్వాత రోజుల్లో ఆఫీసుకి వెళ్తూ ట్రాము కిటికీలోంచి చూశాను. ముందు గోడ నిలబడి ఉంది, వెనక ఆకాశం కనబడుతోంది. ట్రాములో ఎవరూ మాట్లాడలేదు. మాశీమా ఆ వారం బయటికి వెళ్లాల్సి వస్తే ఇంకో వీధి చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ మరుసటి ఏడు నాకు విశాఖపట్నం బదిలీ అయింది.

నగరపాలక సంస్థ దాన్ని మళ్లీ కట్టి 2004లో తెరిచింది. పాత ముఖం అలాగే ఉంచారు, లోపల అంతా కొత్త. ఎక్కువగా సినిమాలే. పేరు సంగతి 2024 డిసెంబరు 30న తేలింది, ముఖ్యమంత్రి మమతా బెనర్జీ సందేశ్‌ఖాలీ సభలో వినోదిని థియేటర్ అని ప్రకటించారు. 1883 నుంచి లెక్కేస్తే 141 ఏళ్లు. ఈలోగా గిరీశ్ పేరు మీద ఒక పార్కు, ఒక రోడ్డు, ఒక నాటకశాల, ఆఖరికి ఒక మెట్రో స్టేషను కూడా వచ్చేశాయి. రోడ్డు వేసినప్పుడు బాగ్‌బజార్‌లో ఆయన ఇంటిని కూల్చకుండా, రోడ్డునే రెండుగా చీల్చి ఇంటిని మధ్యలో ఉంచారు. వినోదిని కట్టించిన థియేటర్‌కి మాత్రం రోడ్డు పక్కకి జరగలేదు.

మీరు కోల్‌కతా వెళ్తే గిరీశ్ పార్క్ మెట్రోలో దిగండి. చిత్తరంజన్ అవెన్యూ మీద ఉత్తరంగా నడిస్తే బీడన్ వీధి కూడలి వస్తుంది. పాత స్టార్ ఉన్నది అక్కడే. నేను వెళ్లినప్పుడు అక్కడ కనబడింది సిగ్నల్ లైటు, చెరకు రసం బండి. తర్వాత బిధాన్ సరణి మీదికి మళ్లి హాతీబాగాన్ దాకా నడవచ్చు, ఓపిక లేకపోతే ఆటో ఉంది. గురు, శని, ఆదివారాల లెక్క ఇప్పుడు లేదు. మంగళవారం వెళ్లినా ఏదో ఒక సినిమా ఆడుతూనే ఉంటుంది.